పాతబస్తీ వేటకాండ్ర వివాదము

డాంబికములు పలుకువానిని మన పల్లెలలో తుపాకిరాముడందురు. చార్మినారు నీడన పెరిగినవారు తీస్‌మార్‌ఖాన్ అందురు. ఈ రెండు మాటలును వేటనుండియే పుట్టినవనుట విచారింపదగిన విషయము. మొదటివాడు చినిగిన ఖాకీకోటు తొడిగి, తలపై దొరటోపియు భుజమున కొయ్యతుపాకియు ధరించి, తెలుగును ఉర్దూను ఇంగ్లీషును కలగాపులగము చేసి, చంపని పులులను చంపితిననియు, లేని జాగీరుల నేలితిననియు గొప్పలు చెప్పి, వీథిజనమును నవ్వించి పొట్టపోసికొను పిట్టలదొర. రెండవది, ముప్పది పులులను చంపిన ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానునకు ప్రజలిచ్చిన బిరుదమని నగరమున ప్రతీతి. ముప్పది యీగలను చంపి ఆ లెక్కతోనే శూరుడైన సోమరిపోతు కథయొకటి దీనికి పోటీగా నున్నదిగాని, అందు నిర్ణయము చేయుట నా పని కాదు. రాజునకు బిరుదమైన వేటయే వీథిలో వెక్కిరింతగా మారుట నాకు మిక్కిలి వింతగా దోచును. తుపాకి పట్టని ప్రజలు తుపాకి పట్టినవారినిగూర్చి ఏమనుకొనిరో తెలిసికొనుటకు దస్తావేజులు వెదకనక్కరలేదు, పిట్టలదొర మాటలు వినిన చాలును.

మహబూబ్ అలీఖాను 1866లో జన్మించి, మూడేండ్లు నిండకమునుపే 1869లో గద్దెకు వచ్చి, 1884లో రాజ్యాధికారమును స్వీకరించి, 1911లో ఫలక్‌నుమా సౌధమున కన్నుమూసెను. ఆయన పేరు తలచినంతనే పాముకాటు విషము దిగిపోవునని నమ్మిన ముసలివారు మొన్నమొన్నటివరకు నగరమున నుండిరి. ఇప్పుడు జనులు ముర్గీచౌక్ అని పిలుచుకొను కోళ్ళసంతయు ఆయన పేరిటి మహబూబ్ చౌకే. ఆయన వేటకు బయలుదేరుట యన్న తుపాకి భుజాన వేసికొని ఏ నలుగురితోనో అడవికి పోవుట కాదు; ఏనుగులు, గుఱ్ఱములు, డేరాలు, వంటవారు, వైద్యులు, గుమాస్తాలు, ఎరకు కట్టు దున్నపోతులతోసహా ఒక చిన్న నగరమే కదలి పోవుట. రాజా దీనదయాళు తీసిన ఛాయాచిత్రములలో ఈ వైభవమంతయు నిలిచియున్నది: ముందు చచ్చిన పులులు, వెనుక కుర్చీలపై ప్రభువును పరివారమును, ఆ వెనుక, చిత్రపు అంచులలో సగము తెగి, పేరులేని మనుష్యులు. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండు ఈ రాజ్యమునకు అతిథిగా వచ్చి వేటాడెను. 1902లో వైస్రాయి కర్జను ప్రభువు సతీసమేతుడై వరంగల్లు సీమ నెక్కొండ అడవులలో చంపిన పులిచెంత నిలిచి చిత్రము తీయించుకొనెను. వైస్రాయి మెప్పు సంపాదించుటకు పులికంటె మంచి కానుక ఆనాటి సంస్థానాధీశులకు దొరకలేదు. కావున అడవిలో పులులు మిగిలియుండునట్లు చూచుటయు దొరతనపు రాజకీయములలో నొక భాగమయ్యెను.

ఇచ్చట భూమి సంగతి కొంత వివరింపవలసియున్నది. ఏలయన వేటకాండ్ర వివాదమెల్ల చివరకు భూమివద్దకే వచ్చి ఆగును. నిజాము రాజ్యమున నేల యంతయు నొక్క తీరున నుండెడిది కాదు. సుమారు నూటికి అరువది పాళ్ళు ప్రభుత్వమునకు చెందిన దివానీ; పది పాళ్ళు నిజాము సొంత ఖర్చులకై ప్రత్యేకింపబడిన సర్ఫెఖాస్; తక్కినది పాయిగాలనెడి ప్రభువంశముల భూములు, జాగీరులు, గద్వాల వనపర్తి వంటి సంస్థానములు. నగరమును చుట్టుకొనియున్న అత్రాఫ్‌బల్దా జిల్లా సర్ఫెఖాస్‌లోనిది. ఈ వివిధ భూములలో ప్రభువునకును ప్రభువంతటి వారికిని వేట నిమిత్తమై వేరుపరచిన తావులే షికార్‌గాహులు. ఏ నేలపై నిలిచి తుపాకి పేల్చితివను దానినిబట్టి ఆ వేట విలాసముగానో నేరముగానో నిర్ణయమగుచుండెను. చంపబడిన మృగమునుబట్టి కాదు. కృష్ణజింకకు ఈ సరిహద్దులు తెలియవుగదా: అది తెల్లవారుజామున సర్ఫెఖాస్ బీడులో మేసి, మిట్టమధ్యాహ్నము పాయిగావారి కుంటలో నీరు త్రాగి, ప్రొద్దుగ్రుంకువేళ ఎవడో నిరుపేద రైతు జొన్నచేనిలో దూరును. చేను మేసిన జింకకు శిక్ష లేదు. దానిని ఒడిసెలతో కొట్టిన రైతునకు మాత్రము గిర్దావరును పోలీసు పటేలును ఇరువురును దర్శనమిచ్చెడివారు.

ఆ బీడులలోనే చీతాలవేట జరుగుచుండెను. చీతా యనగా చిఱుతపులి కాదు. అంతకంటె సన్ననిది, పొడుగుకాళ్ళది, కన్నీటిచారలవంటి నల్లని గీతలు మొగముపై గలది, పరుగున దానిని మించిన జంతువు భూమిమీద లేదు. కన్నులకు గంతకట్టి, ఎద్దులబండిపై కూర్చుండబెట్టి, జింకలమందకు సమీపముగా మెల్లమెల్లగా తోలుకొనిపోయి, గంత విప్పి వదలెడివారు. కొన్ని క్షణములలో పని ముగిసెడిది, లేనిచో అది ఆయాసపడి కూలబడి వేటగాని మొగము చూడక అలిగెడిది. దీనికొక లోపమున్నది. బంధనములో చీతా సులభముగా పిల్లలను కనదు. జహంగీరు పాదుషా తన కొలువులోని చీతా యొకటి పిల్లలను కన్న సంగతిని వింతగా వ్రాసికొనవలసివచ్చెను. కావున కొలువున నొక చీతా చచ్చినప్పుడెల్ల అడవినుండి మరియొకదానిని వలవేసి పట్టవలసినదే. శతాబ్దములపాటు ఇట్లు పట్టగా పట్టగా, జింకలు తిరుగు మైదానములు సాగుభూములగుచు రాగా, ఈ జాతి మనదేశమున నశించెను. 1952లో అది లుప్తమైనట్లు ప్రభుత్వమే ప్రకటించెను. పులిని పగవానివలె చంపిన రాజులు చీతాను బిడ్డవలె పెంచిరి; పులి మిగిలెను, చీతా మిగులలేదు.

హాకా తోలుటనుగూర్చి వ్రాయక షికారు చరిత్ర వ్రాసినవాడు పెండ్లివారినిగూర్చి వ్రాసి వంటవారిని మరచినవాడు. డప్పులు, కొమ్ములు, కేకలతో మూడువైపులనుండి అడవిని తోలుకొని వచ్చి, నాలుగవవైపున మంచెపై కూర్చున్న దొరయెదుటికి మృగమును పంపువారు చుట్టుప్రక్కల పల్లెలవారు. దొర మంచెమీద నుండగా వీరు నేలమీద నుందురు. గాయపడిన పులి మొదట ఎదుర్కొనునది వీరినే. వీరిలో పెక్కుమందిది కూలిపని కాదు, వెట్టి. ఒక అధికారి షికారునకు వచ్చిన, ఊరిలోని బండ్లు, కోళ్ళు, పాలు, కట్టెలు, మనుష్యులు వేరు వేరుగా లెక్కింపబడక అన్నియు ఒక్క మొత్తముగనే సర్కారు పనికి పోయెడివి. 1930లో జోగిపేటలో ప్రారంభమైన ఆంధ్ర మహాసభ వెట్టిచాకిరిని ఎదుర్కొన్నప్పుడు ఆ చాకిరిలో ఈ హాకా కూడ నొక భాగమే.

అమ్రాబాదు పీఠభూమి కథ ఇంకను లోతైనది. కృష్ణకు ఉత్తరమున నల్లమలలోనున్న ఆ యెత్తైన అడవి నిజాము వేటతావు; చల్లని గాలికై వచ్చి విడిదిచేయుటకు ఫరహాబాదున నొక వేటబంగళా కట్టిరి. ఆ బంగళాకు రాళ్ళు మోయకపూర్వమునుండియు ఆ అడవి చెంచులది. పులి అడుగును చూచి అది ఆడదో మగదో, ఎప్పుడు నడచినదో, కడుపు నిండియున్నదో లేదో చెప్పగల చెంచువాడు లేనిచో నగరమునుండి వచ్చిన షికారీ వట్టి యాత్రికుడు మాత్రమే. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు వారి నడుమ నివసించి వ్రాసిన గ్రంథము 1943లో వెలువడెను. అంతకు మూడేండ్లకు ముందు, 1940లో, ఆదిలాబాదు అడవులలో భూమికై అడవికై పోరాడిన గోండువీరుడు కుమురం భీముడు జోడేఘాటున సర్కారు తుపాకులకు నేలకొరిగియుండెను. అడవిశాఖవారు గీసిన హద్దులు గోండుల చేలమీదుగా పోవుటయే ఆ పోరాటమునకు మూలము. ఆ పిదపనే దొరతనమువారికి హైమెన్‌డార్ఫు సలహాలు అవసరమయ్యెను. ఆయన మాటపై అమ్రాబాదున చెంచులకై కొంత అడవి ప్రత్యేకింపబడెను. ప్రభువు వేటకై అడవిని వేరుపరచుట వందల యేండ్ల వాడుక; అడవిలోని మనుష్యులకై వేరుపరచుట మాత్రము నెత్తురు పారిన తరువాతనే తోచెను.

ఆ కాలముననే మరియొక తీరు ప్రయాణమును నడచినది. 1931-32లో పక్షిశాస్త్రజ్ఞుడు సాలిం అలీ నిజాము రాజ్యమెల్ల తిరిగి పక్షుల లెక్క తీసెను. అప్పుడాయన చేతిలోనిదియు తుపాకియే. పిట్టను కొట్టి, చర్మము తీసి, దూదికూర్చి, చీటికట్టుటయే ఆనాటి పక్షిశాస్త్రము. తుపాకి పట్టినవారందరును ఒక్కటి కారను ఈ సంగతిని కొందరు వన్యప్రాణి రక్షకులు నేడు మరచుచున్నారు.

1948 సెప్టెంబరులో, నిజాము రాజ్యమును భారతదేశమున కలిపిన పోలీసుచర్య జరిగెను. మరుసటి యేడు సర్ఫెఖాస్ దివానీలో కలిసెను, జాగీరులు రద్దయ్యెను. ప్రజలకు ఇది విముక్తి. అడవిమృగములకో, అట్లు చెప్పుటకు వీలులేదు. షికార్‌గాహు కావలివాండ్రు జీతములు లేక ఇండ్లకు పోయిరి. అడవి అందరిదైన మొదటి సంవత్సరములలో అందరును అందు తుపాకులతో ప్రవేశించిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత చౌకగా దొరకిన జీపులును, వాటికి బిగించిన వెలుగుదీపములును, రాత్రిపూట కన్నులు చెదరి కదలక నిలుచు జింకలును, ఈ మూడును కలిసిన చోట వేట యనుమాటకు అర్థమే పోయినది. నగరపు దేవిడీలనెడి నవాబుల భవనములనుండియు, కొత్తగా ధనము కూడినవారి మేడలనుండియు శనివారపు రాత్రులందు జీపులు బయలుదేరెడివి. ఇంకొకవైపు దేశమంతటను అడవిశాఖలు అడవిని బ్లాకులుగా విడదీసి రుసుము గట్టినవారికి షికారు పర్మిటు లిచ్చుచు, విదేశీయులను రప్పించు షికారు కంపెనీలను డాలర్లకై ఆదరించుచుండెను. 1952లో పాకాల, పోచారములు అభయారణ్యములయ్యెను. రెండును ఒకనాటి వేటతావులే. 1970లో పులివేట నిషిద్ధమయ్యెను. 1972లో వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చెను. ఆ యేటి లెక్కలో దేశమున మిగిలిన పులులు 1,827.

ఆ చట్టము పాతబస్తీలోనికి పులిమార్గమున వచ్చెను. దేవిడీ గోడలపై వ్రేలాడు పులితలలు, నేలపై పరచిన చర్మములు, కాళ్ళకు దున్నకొమ్ములు బిగించిన బల్లలు, ఇవన్నియు ఒక్కసారి సర్కారునకు లెక్కచెప్పవలసిన వస్తువులైపోయెను. తాతగారు చంపిన పులికి మనుమడు యాజమాన్యపత్రము సంపాదింపవలసివచ్చెను. అట్లు చేయక ఊరకున్నవారికై 2003లో మరల నూటఎనుబది దినముల గడువిచ్చిరి. అటుపిమ్మట వారసత్వముగా పొందుటయే తప్ప అమ్ముట లేదు. వానకాలములలో బూజుపట్టి, చెదలు తిని, గాజుకన్నొకటి రాలిపోయిన పులితలకు ప్రధాన వన్యప్రాణి సంరక్షకుని ముద్ర గల కాగితమును అద్దముగట్టి ప్రక్కన తగిలించిన గది నొకదానిని నేను చూచితిని. పులికంటె కాగితమే మంచిస్థితిలో నుండెను.

ఆ గదిలోనే, చాలయేండ్ల క్రిందట, ఇరువురు ముసలి షికారీల వాదమును వినుట తటస్థించినది. ఒకరు జాగీర్దారు వంశజులు, రెండవవారు ఆయనకు వియ్యంకులు. ఇరువురి తుపాకులును అప్పటికి ఠాణాలో డిపాజిటైయుండెను. మొదటివారి వాదమిది: షికార్‌గాహు ఉన్నన్నాళ్ళు అడవియుండెను, పిల్లతల్లిని కొట్టరాదు, నీటిరేవున కొట్టరాదు, దీపము చూపి కొట్టరాదు, గాయపడిన మృగమును వెంబడింపక విడువరాదు అనునవి మర్యాదలు, సంవత్సరమునకు రెండు పులులను కొట్టుకొనువాడు తక్కిన పులులకు కాపలాదారుడు, షికారీని వెళ్ళగొట్టిన నాడు ఆ తావున ఉచ్చు, విషము, కరెంటుతీగ వచ్చి కూర్చున్నవి. వియ్యంకుల జవాబు సూటిగా నుండెను: "ఆ మర్యాదలు మన నోటిమాటలేగాని, జీపు ఎవరింటినుండి బయలుదేరినది, భాయిసాబ్? మీ ఇంటినుండియు, మా ఇంటినుండియు. ఉచ్చు పన్నువాడు ఆకలికి పన్నెను, మనము దేనికి కొట్టితిమి?" చాయి చల్లారినది, వాదము చల్లారలేదు. చివరకు మొదటివారు అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికిని వినబడుచుండును: "జంగల్ సర్కార్‌కా, మాన్ లియా, జాన్వర్ కిస్‌కా?" అడవి సర్కారుది, ఒప్పుకొంటిని, మృగమెవరిది? చట్టమున దీనికి సమాధానము లేకపోలేదు. వేటాడబడిన వన్యమృగము ప్రభుత్వపు సొత్తని అది స్పష్టముగా చెప్పుచున్నది. కాని ఆయన అడిగినది చచ్చినదానినిగూర్చి కాదు, బ్రతికియున్నదానినిగూర్చి. ఆ గదిలో ఒకనాడు హాకా తోలినవాడు ఒక్కడును లేడు; ఉన్నచో ఆ ప్రశ్న మరియొక విధముగా నడచియుండును.

ఆ వాదము దేవిడీలో ముగియక దేశపు రాజకీయములలోనికి పోయినది. 2016లో బీహారున మొకామా ప్రాంతపు చేలను పాడుచేయుచున్న మనుబోతులను, నీల్‌గాయ్ అని ఉత్తరాదివారు పిలుచు వానిని, హైదరాబాదునుండి వెళ్ళిన తుపాకీదారులు ప్రభుత్వాజ్ఞతో రెండువందలకు పైగా కాల్చివేయగా, కేంద్రమంత్రులైన మేనకాగాంధీయు ప్రకాశ్ జావడేకరును బహిరంగముగనే పరస్పరము విభేదించిరి: ఒకరు చంపవలెనను దురాశ యనిరి, మరియొకరు రైతుల మొర విని రాష్ట్రమే కోరిన దనిరి. 2018లో మహారాష్ట్రమున యవత్‌మాళ్ జిల్లాలో పదుముగ్గురి మరణమునకు కారణమని చెప్పబడిన ఆడపులి అవనిని పట్టుటకు, పట్టరానిచో కాల్చుటకు ఆజ్ఞ యైనది. ఆ పనికై పిలిపింపబడినవారు హైదరాబాదు వేటగాండ్ర వంశమునకు చెందిన నవాబ్ షఫత్ అలీఖాన్. నవంబరు 2 రాత్రి ఆయన కుమారుని తుపాకికి ఆ పులి చనిపోయెను. మత్తుసూది ముందో గుండు ముందో యని దేశమంతయు తగవులాడినది. జాతీయ పులుల సంరక్షణసంస్థవారు విచారణసంఘమును నియమించిరి. నేను గమనించిన దొకటి కలదు. నగరములలో దీపములు వెలిగించి అవనికై ఊరేగినవారును, ఆ పులి చచ్చినదని టపాకాయలు కాల్చిన గ్రామస్థులును ఒక్క వేదికపై ఎన్నడును కలిసికొనలేదు. నా తీర్పు అడిగినచో, పులికై విలపించినవారిని నేను తప్పుపట్టను. కాని ప్రత్తిచేనికి పోవుటకు భయపడి రెండేండ్లు గడపిన స్త్రీని అడుగక చేసిన న్యాయము సగము న్యాయమే.

మనయొద్ద ఈ సమస్య పందిరూపమున నున్నది. తెలంగాణమున మొక్కజొన్న, వేరుసెనగ పండించు రైతునకు అడవిపంది పులికంటె పెద్ద శత్రువు. ఒక్క రాత్రిలో ఎకరము దున్నినట్లు చేసిపోవును. తుపాకి లైసెన్సుగల ఎంపికచేయబడిన వేటగాండ్రచేత వీటిని చంపించుటకు ప్రభుత్వము అనుమతులిచ్చెను. కోరినది పల్లె, ఇచ్చినది ప్రభుత్వము, తుపాకి మాత్రము మరల నగరమునుండియే వచ్చెను.

మరి ఆ షికార్‌గాహు లేమైనవి? నగరమునకు తూర్పున నిజాము వేటతావైన 3,758 ఎకరముల బీడు, మహావీరుని 2500వ నిర్వాణోత్సవ కాలమున జింకల వనమై, 1994లో మహావీర హరిణవనస్థలి జాతీయోద్యానమయ్యెను. జీవహింస తగదన్న తీర్థంకరుని పేరు వేటతావునకు పెట్టుట ఎవరికి తోచినదో గాని, మంచి తలపు. చిలుకూరు త్రోవలోని మృగవనియు ఆ యేడే జాతీయోద్యానమయ్యెను. ఈ రెండింటి చుట్టును ఇండ్లు, దుకాణములు, లారీల రొద ముసరుకొనియున్నవి; ప్రభువుల వేటకంచె లేకున్న ఈ నేలయు ఏనాడో ప్లాట్లై పోయియుండును. ఇది చేదుమాత్రవంటి నిజము, మ్రింగక తప్పదు. కంచె లేని భూమికి ఏమగునో 2025లో కంచ గచ్చిబౌలిలో చూచితిమి: విశ్వవిద్యాలయపు ప్రక్కనున్న నాలుగువందల ఎకరములలో యంత్రములు దిగి చెట్లను కూల్చగా, నెమళ్ళు జింకలు బెదరి పరుగెత్తుచుండగా, విద్యార్థులు అడ్డుపడిరి; ఏప్రిలులో సుప్రీంకోర్టు ఆ పనిని నిలిపివేసెను. సర్ఫెఖాస్ పోయి సర్కారు భూమి వచ్చిన డెబ్బదియైదేండ్లకును, ఆ భూమి ఎవరి నిమిత్తమను ప్రశ్న తీరలేదు. అమ్రాబాదున మాత్రము నేడు పులుల అభయారణ్యమున అడుగుజాడలు చూచి కావలి కాయువారిలో చెంచులున్నారు. ఒకనాడు పులిని దొరకు చూపించిన చూపే నేడు దానిని కాపాడుచున్నది. వారికి సకాలమున జీతములు చెల్లింపుడని అధికారులకు మనవి చేయుట ఈ వ్యాసమునకు అసందర్భము కాదు.

పాతబస్తీ పిల్లలు పులిని చూచుట మీర్ఆలం చెరువు ప్రక్కన 1963లో తెరువబడిన నెహ్రూ జంతుప్రదర్శనశాలలోనే. 2012లో నగరమున జరిగిన జీవవైవిధ్య మహాసభకు పిమ్మట, సౌదీ రాజకుమారుని కానుకగా ఆఫ్రికా చీతాలజంట యొకటి ఈ శాలకు వచ్చెను. గంతలు కట్టి బండ్లపై చీతాలను తోలిన నగరమున, ఈ జంటను చూచుటకు జనులు కంచెవెలుపల గుంపులు గూడిరి. ఆడది 2020లో చనిపోయెను. అబ్దుల్లా అను మగచీతా కొంతకాలము ఒంటరిగా బ్రతికి, 2023 మార్చిలో గుండెయాగి మరణించెను; దాని జాతివారిని కొందరిని నమీబియానుండి తెచ్చి మధ్యప్రదేశపు కూనో అడవిలో వదలి అప్పటికి ఆరునెలలైనది.